చుక్క ఎక్కడుంటుంది?

గ్రాన్‌సేలె,
మే 9.

ఒరేయ్ ఫోల్కే,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో రెండు నిమిషాల్లో తేలిపోయేదానికి ఉత్తరాలెందుకని ఎగతాళి చేశావు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ అడవుల్లో ఇల్లిల్లూ తిరిగి పోస్టు పంచినదాన్ని. మాలాంటి నలుగురం కూడా రాయడం మానేస్తే ఆ పోస్టు బండి ఇటువైపు రావడమే మానేస్తుంది. అదీగాక నిన్ను ఫోన్లో భరించడం నా వల్ల కాదు. ఒక్క మాట చెబితే పది ప్రశ్నలు వేస్తావు. ఉత్తరమైతే ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య వారం రోజులు ఊపిరి పీల్చుకోవచ్చు.

ఈసారి నీతో పని పడింది. దీనితోపాటు ఒక చిన్న పొట్లం వస్తుంది. అందులో ఉన్నది తుపాకీ మీద బిగించే గురి అద్దం. రెడ్ డాట్ అంటారు. అందులోంచి చూస్తే ఒక ఎర్ర చుక్క కనిపిస్తుంది. చుక్క ఎక్కడ నిలిస్తే గుండు అక్కడికి పోతుంది. నా పాతది కాఫీ ఫ్లాస్కంత ఉండేది. నాన్న తుపాకీ అసలే తేలికైనది కదా, దాని మీద ఈ ఫ్లాస్కు మోసుకుని తిరగలేక అగ్గిపెట్టెంత ఉండే కొత్త రకం తెప్పించాను. మీ ఊరి కొట్టు నుంచే.

పాతదాన్ని తీసెయ్యడానికి ఇంకో కారణం ఉంది. నీకు అప్పుడు రాయలేదు. పోయిన వేటకాలంలో ఏడో నంబరు మాటులో, అదే నాన్న మాటులో కూర్చున్నాను. తల్లి దుప్పి వచ్చింది, వెనకాల పిల్ల. ముందు పిల్లను కొట్టాలి, తల్లిని కొట్టి పిల్లను దిక్కులేనిదాన్ని చెయ్యకూడదు. వేట వదిలేసి పట్నం పారిపోయినా ఆ మాట నువ్వు మరిచిపోయి ఉండవు. నేను పిల్లకే గురి పెట్టాను. సరిగ్గా ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చుక్క ఆరిపోయింది. గుండు తల్లికి తగిలింది. ఆ పొద్దున దాంట్లో బ్యాటరీ వేసింది ఈవాల్డ్, నీతో బడికొచ్చిన ఈవాల్డే. మా వేట జట్టులో పదకొండు మందికీ బ్యాటరీలు వేసేది వాడే. అప్పటి నుంచి వాణ్ణి అందరూ బ్యాటరీ ఈవాల్డ్ అంటున్నారు.

ఇంతకీ కొత్తదాని సంగతి. అందులో చుక్క గుండ్రంగా లేదు. కామాలా ఉంది, తోకతో సహా. కొట్టుకు వెళ్లి నాలుగు దులిపి మార్చి పంపించు. ఆగస్టు చివర్లో జట్టు సమావేశం, సెప్టెంబరు మొదటి సోమవారం వేట. అప్పటికి నా తుపాకీ సిద్ధంగా లేకపోతే జట్టు పెద్దనై ఉండి మాటు ఇంకొకరికి ఇవ్వాలి. నాన్న తర్వాత ఆ మాటులో నేను తప్ప ఎవరూ కూర్చోలేదు.

అమ్మ చేసే ఏలకుల బన్నుకు కొలతలు అడిగావు. పిండి అయిదు వందల గ్రాములు, వెన్న నూటయాభై, చక్కెర తొంభై. నా దగ్గర వంటింటి తూకం ఉంది, గ్రాము కూడా తప్పదు. నువ్వు చెంచాలతో కొలిచి నన్ను తిట్టుకోకు.

అక్క,
మైకెన్

*

గోథెన్‌బర్గ్,
మే 18.

అక్కా,

పొట్లం అందింది. విప్పి చూసి మళ్లీ కట్టేశాను. తుపాకీ సామానంటే నాకు ఎంత ప్రేమో నీకు తెలుసు. పన్నెండో ఏట నాన్న దుప్పి కడుపు కోస్తుంటే కళ్లు తిరిగి ఆ పేగుల మీదే పడ్డవాణ్ణి. ముప్పై ఏళ్లు ట్రామ్ నడిపాను, మనిషిని కాదు గదా పావురాన్ని కూడా గుద్దలేదు.

కొట్లో ఉన్నావిడ మంచిది. నేను దులపడానికి నోరు తెరిచేలోగా కాఫీ ఇచ్చింది. ఆవిడ చెప్పిందేమిటంటే ఈ రకం పైన తెరిచి ఉంటుందట. లోపల దీపం మీద ఒక్క నీటి బొట్టు పడినా, దుమ్ము పడినా చుక్క వంకర పోతుందట. వానలోనూ మంచులోనూ తిరిగేవాళ్లకు నాలుగు వైపులా మూసి ఉన్నది నయమంది. అలాంటిది ఇచ్చింది, పంపుతున్నాను. ఇదీ చిన్నదే.

నాకు కొన్ని సందేహాలు. ఆ చుక్క పోయి దుప్పి మీద పడుతుందా? పడితే అది చూసుకోదా? నా ఒంటి మీద ఎర్ర చుక్క పాకుతుంటే నేనైతే పరుగెడతాను. చుక్క అద్దం మీద అతికించి ఉంటుందా? అయితే నేను తల కదిపితే అదీ జరుగుతుంది కదా? అసలు ఆ చుక్క ఉండేది ఎక్కడ? కొట్టావిణ్ణి అడిగితే నవ్వి, “మీ అక్కగార్నే అడగండి, నాకంటే బాగా చెప్తారు” అంది.

పాపం ఈవాల్డ్. బడిలో నా పెన్సిళ్లన్నీ వాడే చెక్కేవాడు. ఒక్కదాని ముక్కు కూడా విరగ్గొట్టలేదు. చేతిపనిలో వాడు తప్పు చేశాడంటే నమ్మబుద్ధి కావడం లేదు.

బన్నులు రాళ్లయ్యాయి. చెంచాలతోనే కొలిచాను.

తమ్ముడు,
ఫోల్కె

*

గ్రాన్‌సేలె,
మే 29.

ఫోల్కే,

నీ బుర్రకు ఇంకా ఏడేళ్లేరా. సరే, విను.

చుక్క దుప్పి మీద పడదు. అద్దం మీదా ఉండదు. లోపల ఆవగింజలో పదో వంతు దీపం ఒకటి ఉంటుంది. ఆ వెలుగు ముందున్న అద్దానికి తగిలి వెనక్కి, నీ కంట్లోకి వస్తుంది. అది ఎంతో దూరం నుంచి వస్తున్నట్టు కంటిని నమ్మిస్తుంది. అందుకే నువ్వు తల కాస్త అటూ ఇటూ జరిపినా చుక్క దుప్పిని వదిలిపోదు. పక్కన నిలబడ్డవాడికి కనబడదు, దుప్పికీ కనబడదు. చుక్క ఎక్కడుంటుందని అడిగావు. ఎక్కడా ఉండదు. నీ కంట్లో ఉంటుంది, అంతే. కన్ను తీసేస్తే చుక్క లేదు.

ఇంకో సంగతి. దీన్ని ఒంటి కన్ను మూసి చూడకూడదు. రెండు కళ్లూ తెరిచి ఉంచాలి. కుడి కన్ను చుక్కను చూస్తుంది, ఎడమ కన్ను అడవినంతా చూస్తుంది. రెండూ కలిపి ఒకే బొమ్మ చేసుకునేది మన తల. నాన్నకు ఈ సుఖం తెలియదు, తుపాకీ మీది ఇనుప గురి ముక్కుల మధ్య నుంచి ఒంటి కంటితో చూసీ చూసీ ఆయన మొహమే ఒక పక్కకు తిరిగింది.

నువ్వు పంపింది బిగించాను. నాలుగు పక్కలా మూసే ఉంది, నీటి బొట్టు లేదు, దుమ్ము లేదు. అయినా చుక్క చుక్కలా లేదు. వెలుగు పెంచితే ఆరు కాళ్లతో మెరుస్తోంది, తగ్గిస్తే చీపురులా సాగుతోంది. చుక్క అడిగితే చుక్కే ఇచ్చింది మీ కొట్టావిడ, కాకపోతే ఆకాశంలోది ఇచ్చింది. కాఫీకి లొంగిపోకుండా గట్టిగా అడుగు. తిప్పి పంపుతున్నాను.

ఈవాల్డ్ గురించి నీకెందుకు? బ్యాటరీ అన్నాక ఎవరి చేతిలోనైనా చచ్చిపోతుంది.

మైకెన్

*

గోథెన్‌బర్గ్,
జూన్ 10.

అక్కా,

నిన్న నేనొక సాహసం చేశాను. నువ్వు తిప్పి పంపినదాన్ని కొట్టావిడ ఒకసారి చూసి, చేతికిచ్చి, “మీరూ చూడండి” అంది. చూశాను. వీధికి అవతల రొట్టెల అంగడి గుర్తు మీద ఎర్ర చుక్క నిలబడింది. తల కదిపాను, నిలబడే ఉంది. నువ్వు చెప్పినట్టే రెండు కళ్లూ తెరిచాను, అంగడీ ఉంది, చుక్కా ఉంది. నా జన్మలో మొదటిసారి తుపాకీ సామాను చూసి ముచ్చటేసింది. పది నిమిషాలు వదల్లేదు. పోయే వచ్చే సైకిళ్లన్నిటి మీదా చుక్క పెట్టాను.

కానీ అక్కా, నాకు ఆరు కాళ్లు కనబడలేదు. చీపురూ కనబడలేదు. ఎర్రటి లింగన్ పండులా గుండ్రంగా ఉంది. కొట్టావిడకూ గుండ్రంగానే ఉంది. అక్కడ బూట్లు కొనడానికి వచ్చిన ఒకాయనకు ఇచ్చాం, ఆయనా గుండ్రమే అన్నాడు.

ఆవిడ అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “ఇంకోటిస్తాను, నా దగ్గరున్నవాటిలో ఇదే మేలైనది. మీ అక్కగారు దీన్ని చేత్తో పట్టుకుని, గోడకేసి చూస్తూ, మెల్లగా పక్కకి తిప్పమనండి. కాళ్లు దాంతోపాటు తిరిగితే తప్పు నా సరుకుది, డబ్బులు వాపసిచ్చేస్తా. కాళ్లు తిరగకుండా అలాగే నిలబడితే మాత్రం అది వేరే సంగతి.” వేరే సంగతి ఏమిటని అడిగితే చెప్పలేదు, మళ్లీ కాఫీ పోసింది.

తిప్పి చూసి రాయి. నాకు తెలుసుకోవాలని ఉంది.

ఫోల్కె

*

గ్రాన్‌సేలె,
జూన్ 25.

తమ్ముడూ,

మధ్యవేసవి పండగ బాగా జరిగింది. పండగ నాడు నిలబెట్టే స్తంభానికి ఆకులు కట్టడానికి ఈసారి నలుగురమే మిగిలాం. హెర్రింగ్ చేప మూడు రకాలు చేశాను, ఆవాల పులుసుది మొదట అయిపోయింది. కొత్త బంగాళాదుంపలు ఇంకా గోళీలంతే ఉన్నాయి. దోమలు మాత్రం పుష్కలం. డ్యాన్సుకు ఈవాల్డ్ రాలేదు. ఎవరో వాడి గుమ్మం ముందు అట్టపెట్టెడు పాత బ్యాటరీలు పెట్టి పోయారట, వేళాకోళానికి. అది కాస్త మితిమీరింది.

నువ్వు పంపిన మూడోది చాలా ముద్దుగా ఉంది. అరచేతిలో ఇమిడిపోతోంది. తుపాకీ ఎత్తితే దాని బరువే తెలియడం లేదు. వానకు అద్దాలు తడవకుండా ముందొక మూత, వెనకొక మూత, వేలితో కొడితే తెరుచుకుంటాయి. ఒకే బ్యాటరీ మీద ఏళ్ల తరబడి వెలుగుతుందని రాసి ఉంది. చుక్క మరీ పెద్దదైతే దూరాన ఉన్న పిల్లను మొత్తం కప్పేస్తుంది, మరీ చిన్నదైతే పరుగెత్తేదాని మీద వెతుక్కోవాలి. ఇది మధ్యరకం. దీన్నే ఉంచుకుంటున్నాను.

చిత్తడి నేలల్లో పసుపు పండ్ల మొక్కలు ఈ ఏడు బాగా పూశాయి. జాము చేస్తే రెండు సీసాలు పంపుతాను.

మైకెన్

*

గోథెన్‌బర్గ్,
జులై 4.

అక్కా,

హెర్రింగ్ గురించి రాశావు, దోమల గురించి రాశావు, మూతల గురించి కూడా రాశావు. నేను అడిగింది ఒక్కటే, అదొక్కటే రాయలేదు. తిప్పి చూశావా?

ఫోల్కె

*

గ్రాన్‌సేలె,
జులై 13.

ఫోల్కే,

మూడోది గుండ్రంగానే ఉందిరా. గుండ్రంగా ఉన్నదాన్ని ఎటు తిప్పితే ఏం తెలుస్తుంది? నీకు పనేం లేకపోతే బన్నులు చేసుకో.

మైకెన్

*

గ్రాన్‌సేలె,
ఆగస్టు 3.

తమ్ముడూ,

మూడు వారాలైంది, నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. అలిగావా? పోయినసారి కాస్త కరుగ్గా రాశానేమో. నీ అలక తీరే కబురు చెబుతాను, నవ్వుకో.

నిన్న మా వేట పరీక్ష జరిగింది. గుర్తుందా, పట్టాల మీద చెక్క దుప్పి అటు నుంచి ఇటు పరుగెడుతుంది, ఎనభై మీటర్ల నుంచి దాన్ని కొట్టాలి. నాలుగు గుండ్లు. అంతకుముందే జల్లు పడి ఆగింది. నా వంతు వచ్చింది. నాలుగూ గుండె దగ్గరే, అరచేతిలో పట్టేంత చోట తగిలాయి. అరవై అయిదేళ్ల ముసలిదానికి చప్పట్లు కొట్టారు. తుపాకీ దించి బల్ల మీద పెట్టాను. అప్పుడు చూసింది మా జట్టులోని స్వెయా. చూసి ఒకటే నవ్వు, నేల మీద కూర్చుండిపోయింది.

“మైకెన్! నీ ముందు మూత తెరవనే లేదు కదే! మూత మూసి కొట్టావు నాలుగూ!”

నిజమే. వెనక మూత తెరిచాను, ముందుది మరిచాను. మూసిన అద్దంలోంచి పరుగెత్తే దుప్పిని కొట్టిన మొదటి మనిషిని నేనేనని ఇప్పుడు జట్టంతా చెప్పుకుంటోంది. కళ్లకు గంతలు కట్టినా మైకెన్ కొడుతుందట. నాన్న ఉంటే మీసం దువ్వుకునేవాడు.

ఇక నవ్వింది చాలు, ఉత్తరం రాయి.

మైకెన్

*

గోథెన్‌బర్గ్,
ఆగస్టు 10.

అక్కా,

నవ్వాను. మొదటిసారి చదివినప్పుడు బాగా నవ్వాను. రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. ఉత్తరం జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్లాను.

ముందు మూత మూసి పరుగెత్తేదాన్ని కొట్టడం కుదురుతుందా అని అడిగాను. కుదురుతుందంది ఆవిడ. కుడి కంటికి చుక్క కనబడుతుంది, అది లోపలే పుట్టేది కాబట్టి మూత దాన్ని ఆపదు. దుప్పిని ఎడమ కన్ను చూస్తుంది. రెంటినీ తల కలుపుకుంటుంది. నువ్వు మే నెలలో నాకు రాసిన పాఠమే, అక్షరం తేడా లేదు.

అప్పుడు నేను మూత మూసి నా కంటితో చూశాను. కుదిరింది. రొట్టెల అంగడి మీద చుక్క నిలబడింది. కానీ అక్కా, దాని చుట్టూ నల్లటి బిళ్ల కనబడింది. కుడి కంటి ముందు ఎవరో బొగ్గు పూసినట్టు. ఒక్క క్షణం కూడా ఆ నలుపును మరిచిపోలేకపోయాను. కొట్టావిడా అంతే. “మొదటి గుండుకి కంగార్లో మరిచిపోవచ్చు. నాలుగు గుండ్లూ కొట్టి, తుపాకీ దించేదాకా తెలియకపోవడమంటే...” అని ఆగిపోయింది.

నీకు తెలియలేదు. మూత తెరిచి ఉన్నా మూసి ఉన్నా నీ కుడి కంటికి ఒకేలా ఉంది కాబట్టి తెలియలేదు.

నేను తుపాకుల సంగతి తెలియని వెర్రివాణ్ణే. చుక్క ఎక్కడుంటుందని అడిగాను. నీ కంట్లో ఉంటుంది, ఇంకెక్కడా ఉండదని నువ్వే రాశావు. రెండు అద్దాలు మార్చాం. మొదటిదాంట్లో కామా, రెండోదాంట్లో నక్షత్రమూ చీపురూ. కొట్టుకు వచ్చినవాళ్లందరికీ గుండ్రంగా ఉన్నది నీకొక్కదానికే వంకరగా ఉంటే, వంకర ఎక్కడున్నట్టు?

ఆ అద్దాన్ని తిప్పావు. నాకు తెలుసు తిప్పావని. కాళ్లు తిరగలేదు, అవునా?

నాకు కోపం లేదు. భయంగా ఉంది. ఇంకొకటి అడగాలని ఉంది కానీ అడగను. నువ్వే చెబుతావని చూస్తాను.

ఫోల్కె

*

గ్రాన్‌సేలె,
ఆగస్టు 18.

ఫోల్కే,

నాలుగు సార్లు రాసి చింపేశాను. పొయ్యిలో వేశాను. ఇది అయిదోది.

తిప్పాను. జూన్‌లోనే తిప్పాను, నీ ఉత్తరం వచ్చిన రోజే, వంటింటి గోడకేసి చూస్తూ. అద్దం పక్కకు తిరిగింది, తలకిందులైంది. కాళ్లు మాత్రం అలాగే నిలబడ్డాయి. అంతకుముందు కూడా నాకు తెలియదని కాదు. రెండేళ్ల నుంచి ఎడమ కన్ను మూస్తే వంటిల్లంతా మజ్జిగలోంచి చూసినట్టు ఉంటోంది. పోస్టులో చివరి ఏడు ఎడమ కంటితోనే చిరునామాలు చదివాను. శుక్లమని తెలుసు, అమ్మకూ వచ్చింది కదా. ఎడమ కన్ను బాగుంది, రెండూ తెరిస్తే లోకం బాగానే ఉంది, ఎందుకులే అనుకున్నాను. కంటి డాక్టరు కాగితం మీద రాస్తే ఆ మాటు పోతుందని భయం.

నువ్వు అడగకుండా ఆపుకున్నది ఏమిటో నాకు తెలుసు. చెబుతాను.

పోయినేడు చుక్క ఆరిపోలేదు.

తల్లి దుప్పి చెట్ల అంచున ఆగింది. రెండు కళ్లతో చూస్తే చుక్క చెదిరిపోయి ఎక్కడుందో తేలడం లేదు. నాన్న పద్ధతి గుర్తొచ్చి ఎడమ కన్ను మూశాను. మూస్తే ఆ మజ్జిగలో ఒక్క దుప్పే కనబడింది. ఒంటరిదనుకున్నాను. కొట్టాను. కన్ను తెరిచాను. దాని వెనక బిర్చి మొక్కల్లోంచి పిల్ల బయటికి వచ్చింది. వచ్చి తల్లి దగ్గర నిలబడింది, పోలేదు. నేను మళ్లీ తుపాకీ ఎత్తలేకపోయాను. కాసేపటికి అది అడవిలోకి వెళ్లిపోయింది.

మిగతావాళ్లు వచ్చేలోపు నాకు ఒకటే ఆలోచన. ఒంటరిదనుకున్నానని చెబితే, చూడలేదా అంటారు. అద్దంలోంచి బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాను. వాళ్లు రాగానే “చుక్క ఆరిపోయింది” అన్నాను. ఈవాల్డ్ మొహం చూడలేదు. వాడు మాత్రం, “నేను రెండుసార్లు చూశానే, బాగానే వెలిగిందే” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. అంతే, ఇంకేం వాదించలేదు.

ఆ చలికాలమంతా వాడు ఒక్కడే స్కీలు కట్టుకుని ఆ పిల్ల కోసం తిరిగాడు. తన బ్యాటరీ వల్లే దానికి తల్లి పోయిందని. పోస్టాఫీసు దగ్గర కనబడి, “ఉత్తరపు గట్టున అడుగులు చూశాను మైకెన్, బతికే ఉన్నట్టుంది” అని నాకే చెప్పాడు, నేను సంతోషిస్తానని. నేను “మంచిది” అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

ఆ బ్యాటరీ ఎక్కడుందో తెలుసా? పారెయ్యడానికి చెయ్యి రాలేదు. వంటింటి తూకంలో సరిపోయింది, వేశాను. పదకొండు నెలలుగా పనిచేస్తోంది. నీకు గ్రాముల్లో లెక్క రాసి పంపానే, అది ఈవాల్డ్ వేసిన బ్యాటరీతో తూచిందే.

సిగ్గుతో చచ్చిపోతున్నానురా. ఏం చెయ్యమంటావు?

అక్క

*

గోథెన్‌బర్గ్,
ఆగస్టు 23.

అక్కా,

రేపటి పోస్టుకు అందాలని నిలబడి రాస్తున్నాను. సమావేశం ముప్పయ్యో తేదీ కదా, ఈలోపు నీకు చేరాలి.

శుక్లం పెద్ద రోగం కాదు, పావుగంట పని. మా పాత డిపో మేనేజరు పొద్దున తీయించుకుని మధ్యాహ్నం పేకాటకు వచ్చాడు. దాని గురించి నేను దిగులు పడటం లేదు. చీటీ రాయించుకో.

రెండోదానికి డాక్టరు లేడు. ఈవాల్డ్‌కు నేను రాయగలను, ఫోన్ చేయగలను. చెయ్యను. అది నేను చెబితే వాడికి న్యాయం జరగదు, నీకు విడుదలా ఉండదు. వాణ్ణి అన్నది పదిమంది ముందు. చెప్పాల్సింది కూడా అక్కడే.

నిన్ను చూసి సిగ్గుపడటం లేదు, తెలుసుకో. నువ్వు పేగుల మీద పడిన నన్ను ఎత్తి, మొహం కడిగి, “వీడు జారిపడ్డాడు నాన్నా” అని అబద్ధం చెప్పావు. నాకోసం చెప్పిన ఆ అబద్ధం చాటున నేను యాభై ఏళ్లు దాక్కున్నాను. ఈవాల్డ్‌కు దాక్కునే చోటు లేదు.

ఏం జరిగిందో రాయి. తెలుసుకోవాలని కాదు ఈసారి.

ఫోల్కె

*

గ్రాన్‌సేలె,
సెప్టెంబరు 9.

తమ్ముడూ,

ఈవాల్డ్ సమావేశానికి రాడనుకున్నాను. వచ్చాడు. వేట గుడిసెలో తలుపు పక్కన, అందరికంటే చివర కూర్చున్నాడు. కాఫీ పోశారు, జున్ను ముక్కలు వేసుకున్నారు. ఎవరో అలవాటుగా, “ఈసారి బ్యాటరీలు ఎవరేస్తారు?” అన్నారు. నవ్వులు లేచాయి.

నేను లేచాను. జేబులోంచి బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాను. “ఇది పోయినేడు ఈవాల్డ్ నా అద్దంలో వేసిన బ్యాటరీ. చుక్క ఆరిపోలేదు. నేనే తీసి దాచాను. నాకు కుడి కన్ను కనబడదు. పిల్లను చూడలేదు. చూడలేదని చెప్పడానికి ధైర్యం లేక వాడి మీదికి తోశాను” అన్నాను. ఇంకా ఏవేవో అనాలని ఇంట్లో అనుకున్నాను, ఏవీ రాలేదు.

స్వెయా తల దించుకుంది. ఈవాల్డ్ లేచి వచ్చాడు. నా వైపు చూడలేదు. బ్యాటరీ తీసుకున్నాడు, చొక్కాకు తుడిచాడు. నేను వెంట తెచ్చిన కొత్త అద్దం తీసుకుని, చిన్న మూత విప్పి, లోపలిది తీసి దీన్ని వేశాడు. కిటికీకేసి పట్టుకుని చూశాడు.

“వెలుగుతోంది. గుండ్రంగానే ఉంది” అన్నాడు.

అని పక్కవాడికిచ్చాడు. వాడు చూసి “గుండ్రంగానే ఉంది” అన్నాడు. అలా బల్ల చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరూ చూడటం, ఒక్కొక్కరూ ఆ మాటే అనడం. నవ్విన ప్రతివాడూ వాడి మొహం చూసి ఆ మాట అనాల్సి వచ్చింది. చివరికి నా దగ్గరికి వచ్చింది. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూశాను.

“నాకు నక్షత్రంలా ఉంది” అన్నాను.

ఈ మాట అనడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఫోల్కే.

జట్టు పెద్దరికం స్వెయాకు ఇచ్చేశాను. ఏడో మాటు ఈవాల్డ్‌కు ఇమ్మన్నాను. వాడు, “నీ కన్ను బాగయ్యేదాకానే” అన్నాడు, అదీ స్వెయాతో. నాతో ఒక్క మాట లేదు. వేట మొదలైన రోజు నేను తుపాకీ లేకుండా గుడిసెలో సూపు కాచాను. డాక్టరు అక్టోబరు పదహారుకు రమ్మన్నాడు.

అసలు రాయాలనుకున్నది ఇప్పుడు. నా తూకం ఆగిపోయింది కదా, నిన్న బన్నులకు పిండి చేత్తోనే కొలుస్తున్నాను. తలుపు కొట్టకుండానే ఈవాల్డ్ లోపలికి వచ్చాడు. టోపీ తీయలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. తూకం తీసుకుని తలకిందులు చేసి, జేబులోంచి కొత్త బ్యాటరీ తీసి వేశాడు. తిప్పి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“వెలుగుతోందో లేదో ఇప్పుడే చూసి చెప్పు. తర్వాత నా మీద పడొద్దు.”

నేను వంగి చూడబోయాను.

“ఎడమ కంటితో చూడవే” అన్నాడు.

మైకెన్